ఎండ గొడుగు కింద గుమ్మడి వడియాలు

మా ఇంట్లో కొత్తగా అద్దెకు దిగావు కాబట్టి చెబుతున్నా అమ్మాయ్. ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా పళ్లన్నీ ఊడిపోవాలి. ఊడడానికి రెండే మిగిలాయనుకో, అది వేరే సంగతి.

సూర్యుడు మా తీరం మీద అలిగి చాలా ఏళ్లయింది. ఏడాదికి మూడొందల అరవై రోజులు ముసురు. మిగిలిన ఐదు రోజులూ వాన.

అలాంటి ఊళ్లో, మా తమ్ముడు కూర్మారావు అరుగు మీద ఆ రోజు ఫెళ్లున ఎండ కాసింది. ఆస్పత్రి నుంచి వచ్చిన డాక్టర్ మృదుల మీట నొక్కగానే ఎండ గొడుగు విచ్చుకుంది. మామూలు గొడుగు ఎండను ఆపుతుంది, ఇది కురిపిస్తుంది. ఆ వెలుగుకి పక్క మండలంలో కోళ్లు కూశాయి!

కూర్మారావుకి రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. కొబ్బరి చెట్లెక్కి బతికినవాడు, ఇప్పుడు గుక్కెడు కొబ్బరినీళ్లు తాగకూడదు. నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకున్నాడు. “ఇంక ఆ కుర్చీలో కూకోనప్పా. నన్నొగ్గీండి” అన్నాడు నాతో. డయాలసిస్ మానేస్తే పట్టుమని పది రోజులు బతకడు. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు.

“ఎండ తగిలితే చర్మంలో విటమిన్ డి పుడుతుంది మామ్మగారూ” అంది డాక్టరమ్మ. “దాన్ని ఒంటికి పనికొచ్చేలా మార్చేది కిడ్నీ. ఈయనకి ఆ పని ఈ చేతి పట్టీ చేస్తుంది. డి తగ్గిన కిడ్నీ రోగుల్లో డిప్రెషన్ ఎక్కువగా కనిపిస్తోంది. డి పెరిగితే బెంగ తగ్గుతుందేమో.”

“తగ్గుతుందేమోనా?”

“అది తేల్చడానికే ఈ ప్రయోగం.”

పట్టీ మీద రెండంకెలు వెలిగాయి. ఒకటి డి, రెండోది బెంగ.

వడియం ఎండి ఎన్నేళ్లయిందో మరిచిన ఊరు మాది. అంత ఎండని ఊరికే పోనిస్తారా ఎవరైనా? డాక్టరమ్మ కారు మలుపు తిరగగానే గుడ్డ పరిచి గుమ్మడి వడియాలు పెట్టేశాను. మర్నాటికి వీధంతా దిగింది. అప్పడాలు, మిరపకాయలు, ఉప్పుచేపలు! కూర్మారావు మంచం నీడలోకి జరిగింది. ఇక కాకులంటావా, ఒడిశా నుంచి కూడా వచ్చాయి.

“మావా, ఈ కర్ర పట్టుకో, నాను నీళ్లకెళ్లొస్తాను” అంది వాడి పెళ్లాం, మా మరదలు గున్నమ్మ.

“నాకు సేతకాదు.”

“హుష్ అనడానికీ సేతకాదేటి? ఒక్క వడియం పోయినా వదిన నన్ను బతకనియ్యదు.”

లేచి కూచున్నాడు. హుష్ అన్నాడు. సాయంత్రానికి కాకులకి పేర్లే పెట్టేశాడు.

“ఆ ఒంటికన్నుది సూడప్పా, పాత సర్పంచిలాగ ఎంత అరిసినా కదల్దు. పోన్లే, రేపు నా పిండం తినేవియ్యే కదా. ఇప్పట్నించే మచ్చిక సేసుకుంటన్నాను.”

నేను వాడి నోరు మూయబోయాను. కానీ వాడు నవ్వాడు. ఆ వడియాల్లో ఒక్కటీ వాడు తినకూడదు, ఉప్పు. అయినా మర్నాడు తానే ఆటో ఎక్కాడు: “డయాలసిస్ వేగిరం కానియ్యండి, మద్దినానికి కాకులొచ్చెస్తాయి!”

డాక్టరమ్మ వచ్చి పట్టీ చూసింది. బెంగ సగానికి పడిపోయింది. డి కూడా పడిపోయింది.

“ఇదెలా సాధ్యం?” అని తలెత్తి వడియాలను చూసింది. “మామ్మగారూ! ఎముకలు గుల్లయిపోతాయి ఈయనకి. ఈ ఎండ మనిషికి!”

అన్నీ తీయించింది. కర్ర కూడా. కూర్మారావు ఒక్కడే ఎండలో మిగిలాడు. డి నిండుగా ఎక్కింది. దాని వెనకే బెంగా ఎక్కింది. మళ్లీ గోడవైపు తిరిగాడు. మొన్న డయాలసిస్‌కి వెళ్లలేదు. కాళ్లు వాచాయి, ఆయాసం మొదలైంది.

ఇందాక వాకిట్లో నిలబడింది ఆ డాక్టరమ్మే, తడిసి ముద్దయి.

“మామ్మగారూ, వడియాల పిండి ఉందా? గొడుగు పెద్దది చేశాను. ఆయనకీ చాలుతుంది, వడియాలకీ చాలుతుంది.”

“మరి రిపోర్టులో ఏం రాస్తావమ్మా?”

“కాకులని రాస్తే నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారు” అంది. నవ్వలేదు.

నా మోకాళ్లు చూశావుగా అమ్మాయ్. ఈ పిండి గిన్నె పట్టుకుని తమ్ముడింటికి నువ్వే పరుగెత్తు. డయాలసిస్‌కి తీసుకెళ్లే ఆటో కూర్మారావు గుమ్మంలోనే ఉంది. వాడు పలక్కపోతే బతిమాలకు. మంచం పక్కన గుడ్డ పరిచి వడియాలు పెట్టు, కర్ర చేతికందేలా ఉంచు. కాకులు రాకపోతే నాలుగు మెతుకులు నువ్వే చల్లు.