ఖాళీల్ని మాత్రమే నింపే యంత్రం

ఆసుపత్రిలో హైమవతి తలకు తగిలించిన మెర్జర్ యంత్రం సన్నగా రొద చేస్తోంది. అద్దం ఇవతల ఆమె భర్త వీరభద్రం కూర్చోలేక లేచి నిలబడ్డాడు. జ్వరం మెదడుకెక్కి ఆమె జ్ఞాపకాలన్నీ పోయాయి. అయితే ఆ రోజుల్లో విశాఖలో అందరూ ఏటేటా జ్ఞాపకాల బ్యాకప్ తీయించుకునేవారు. అతని ఆశంతా దానిమీదే.

"నన్ను గుర్తుపడుతుందా డాక్టరు గారూ?"

"పట్టాలండీ" అంది డాక్టర్ రుక్సానా. "మనిషి జ్ఞాపకం కంప్యూటర్ భాష జావాస్క్రిప్ట్‌లో ఆబ్జెక్ట్ లాంటిది, అంటే గళ్ల పట్టిక అనుకోండి. ఒక్కో ప్రాపర్టీకి, అంటే ఒక్కో గడికి, ఒక్కో విలువ. ఖాళీగా ఉన్నవాటిని బ్యాకప్‌లోంచి నింపుతాం. విలువ ఉన్నదాన్ని మాత్రం ముట్టుకోం."

"ముట్టుకుంటే?"

"మొదట్లో అన్నిటిమీదా రాసేశాం. ఒకావిడ పాత బ్యాకప్‌లో పిల్లలు లేరని ఉంది. లేచి, ఒళ్లోని సొంత బిడ్డని చూసి ఎవరి పాప అంది. అప్పట్నుంచి ఓవర్‌రైట్ చేస్తే జైలే."

రొద ఆగింది. హైమవతి కళ్లు తెరిచి తన ఊరు చెప్పింది, బడిలో పంతులమ్మ పేరు చెప్పింది. వీరభద్రం కూతుర్ని వెంటబెట్టుకుని ఆత్రంగా లోపలికొచ్చాడు.

"హైమా, నేనెవర్నే?"

"తెలీదండీ."

కూతుర్ని చూసీ అలాగే అంది. రుక్సానా స్క్రీన్ చూసి నీరుగారిపోయింది.

"మీ పేరు దగ్గర ఖాళీ లేదండీ. 'తెలీదు' అని ఉంది. మీరెవరో చెప్పమని ఆవిణ్ణి ఇంతకుముందు ఎప్పుడైనా అడిగారా?"

"అడగకుండా ఉంటామా? రోజూ అడిగాం!"

మనవాళ్ల సంగతి తెలిసిందేగా. రోగి మంచం దగ్గరికెళ్తే ఒంట్లో ఎలా ఉందని ఆగరు, నన్ను గుర్తుపట్టావా అని పరీక్ష పెడతారు. ప్రేమ ఎక్కువైన కొద్దీ ప్రశ్నలూ ఎక్కువే. పాపం ఆ మనిషి ప్రతిసారీ తెలీదనే చెప్పింది. చెప్పిన జవాబల్లా విలువై కూర్చుంది.

"ఆ ఒక్క ముక్క చెరిపెయ్యండమ్మా, కాళ్లు పట్టుకుంటాను."

"అది ఇప్పుడు ఆవిడ జ్ఞాపకమండీ. చెరిపే హక్కు నాకు లేదు."

సాయంత్రం హైమవతి అన్న గోవిందం బత్తాయిల సంచీతో వచ్చాడు. తీరిక లేదంటూ ఇన్నాళ్లూ వీరభద్రానికి ఫోన్లు చేసి సరిపెట్టిన పెద్దమనిషి. అతని గురించి ఆమెనెవరూ ఏమీ అడగలేదు, ఆ గడి ఖాళీగానే ఉండి బ్యాకప్‌తో నిండింది.

"అన్నయ్యా!" అంటూ హైమవతి అతని చెయ్యి పట్టుకుని భోరుమంది. "నా అన్నవాళ్లలో నువ్వొక్కడివే వచ్చావు."

తరవాత గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది.

"ఆయనెవరో పొద్దుట్నుంచీ ఏడుస్తున్నారు. కాసిని మంచినీళ్లిచ్చి, వాళ్లింటికి పంపించు."