వినేవాళ్ళ టేబుల్

డాక్టర్ మేదిని స్టీలు పళ్ళేన్ని తలకంటే ఎత్తుకి లేపి గ్రానైట్ నేల మీదికి వదిలేసింది. పళ్ళెం పడింది, ఎగిరింది, గిరగిరా తిరిగి ఆగింది. కాస్త దూరంలో నిలబడ్డ జలంధర్‌కి చిన్న చప్పుడైనా వినబడలేదు. ఆమె పెదవులు కదిలాయి. అదీ వినబడలేదు. అతను వంగి, టేబుల్ పైన వేలాడుతున్న వెండిరంగు రింగు కిందికి తల దూర్చాడు.

“సరిపోయిందా అని అడుగుతున్నానండీ” అంటోంది ఆమె.

“బ్రహ్మాండంగా ఉంది. మా ఇంట్లో కూడా ఒకటి పెట్టించుకోవాలనుంది. హైమకి మాత్రం చెప్పకండి” అన్నాడు జలంధర్. హైమవతి అతని భార్య. మాట్లాడటమూ, వినడమూ రెండూ ఆమెకి ప్రాణం.

జలంధర్ కోకాపేటలో ఒక టవర్ చిట్టచివరి అంతస్తులో ‘చుక్కలపందిరి’ అనే రెస్టారెంట్ నడుపుతున్నాడు. పైకప్పంతా గాజు. ఒక పక్క బార్, మిగతా అంతా టేబుళ్ళు. ఊళ్ళో డబ్బున్నవాళ్ళు, పేరున్నవాళ్ళు, ఆ రెండూ ఉన్నట్టు కనబడాలనుకునేవాళ్ళు అక్కడికే వస్తారు. వంటకి ఎవరూ వంక పెట్టలేదు గానీ, ప్రతివాళ్ళూ ఒకటే ఫిర్యాదు: గోల. గాజు కప్పుకి తగిలిన ప్రతి మాటా రెట్టింపై కిందికి దిగేది. ఆ గోల భరించలేక సగం మంది రావడం మానేశారు. దసరాలోగా టేబుళ్ళు నిండకపోతే ఆ అంతస్తుని జిమ్ వాళ్ళకి ఇచ్చేస్తామని టవర్ యాజమాన్యం చెప్పేసింది. పెళ్ళైన కొత్తలో మొదలుపెట్టిన రెస్టారెంట్ అది. దాన్ని పోనివ్వడం జలంధర్ వల్ల కాదు.

అందుకే శబ్దాల మీద పరిశోధన చేసే మేదినిని వెతికి పట్టుకున్నాడు. ఆమె చేసిన యంత్రం సూత్రం కష్టమైనదేమీ కాదు. శబ్దం అంటే గాలిలో అల. రింగులోని మైక్రోఫోన్లు టేబుల్ దగ్గర పుట్టిన అలని పట్టుకుంటాయి. స్పీకర్లు వెంటనే దానికి సరిగ్గా తలకిందులుగా ఉండే అలని వదులుతాయి. ఒకటి లేచినచోట ఇంకొకటి దిగుతుంది. రెండూ కలిసి చదునైపోతాయి. టేబుల్ దగ్గరున్నవాళ్ళు ఒకరినొకరు హాయిగా వింటారు, మాట రింగు దాటి బయటికి రాదు.

“మనిషి మాట ఎదుటి మనిషికి చేరితే చాలు. పక్కవాడికెందుకు?” అంది మేదిని రింగులన్నీ బిగించాక. ఆ మాట జలంధర్‌కి ఎంత నచ్చిందంటే మెనూ మొదటి పేజీలో అచ్చు వేయించాడు.

మొదటి వారం జనం విరగబడి వచ్చారు. వెయిటర్లు ప్రతి టేబుల్ దగ్గరా తల లోపలికి పెట్టి ఆర్డర్ తీసుకుంటుంటే అందరూ నవ్వుకున్నారు. హాలంతా చేపల తొట్టిలా ఉంది. నోళ్ళు కదులుతున్నాయి, సద్దు లేదు. అద్భుతం అన్నారు, ప్రశాంతం అన్నారు. తర్వాత వారం సగం మంది వచ్చారు. ఆ పై వారం పిలిచినా ఎక్కువమంది రాలేదు.

జలంధర్‌కి పాలుపోలేదు. వచ్చిన కొద్దిమందీ గబగబా తినేసి వెళ్ళిపోతున్నారు. హైమవతి కూడా పట్టుచీర కట్టుకుని వచ్చి, ఒక రింగు కింద కూర్చుని, పావుగంటలో లేచింది.

“ఏం, బాలేదా?” అన్నాడు.

“బానే ఉంది. ఇంత తయారై వచ్చి ఎవరి ఊసూ తెలీకుండా కూర్చోడానికి మనిల్లు లేదూ?”

అతను అది పెద్దగా పట్టించుకోలేదు.

ఆ శనివారం చింతలపాటి వీరభద్రరాజుగారు భార్యతో వచ్చారు. భీమవరం నుంచి వచ్చి గండిపేట పక్కన విల్లాలు కట్టిన పెద్దమనిషి ఆయన. కిటికీ పక్క టేబుల్ దగ్గర కూర్చుని ముభావంగా సూప్ కలుపుతున్నారు. ఉన్నట్టుండి ఆ టేబుల్ రింగు పాడైంది. హాలంతటి నిశ్శబ్దంలో ఆయన గొంతు ఒక్కటే ఖంగున మోగింది.

“మన కుక్కకి ఈత నేర్పించడానికి కోచ్‌ని పెట్టానని చెప్పానా నీకు?”

తలలన్నీ అటు తిరిగాయి. మేదిని టూల్ బాక్సు పట్టుకుని పరిగెత్తబోయింది. జలంధర్ చెయ్యి అడ్డం పెట్టాడు. రాజుగారి ముఖం వెలిగిపోవడం అతను చూశాడు. ఆయన నిటారుగా కూర్చుని, భార్యకి ఎప్పుడో తెలిసిన సంగతులన్నీ మళ్ళీ మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టారు. స్విట్జర్లాండులో కొన్న గడియారం, మంత్రిగారి పక్కన కూర్చున్న పెళ్ళి విందు, అన్నీ వచ్చాయి. ఇంకో రెండు వంటకాలు తెప్పించారు. ఇంకో సీసా తెరిపించారు.

వెళ్ళేటప్పుడు జలంధర్‌ని పక్కకి పిలిచారు. “వచ్చే శనోరం కూడా అదే టేబులుంచండి. ఆయ్, అక్కడ గాలి బాగుందండి.”

మర్నాటినుంచి ఫోన్లు మొదలయ్యాయి. అందరికీ ఆ గాలి బాగున్న టేబులే కావాలి.

“నా యంత్రంలో లోపం ఉన్న టేబుల్‌కే గిరాకీనా?” అంది మేదిని. ఆమెకి నిజంగానే బాధగా ఉంది. “గోల వద్దన్నది వీళ్ళేగా?”

“ఇద్దరం పొరబడ్డాం డాక్టర్ గారూ. పక్కవాళ్ళ గోల వద్దన్నారు. తమ గోల వద్దనలేదు.”

మేదిని మూతి ముడుచుకుంటూనే ప్రతి రింగుకీ ఒక మీట పెట్టింది. తెరవాలంటే తెరుచుకోవచ్చు. మొదటి సాయంత్రమే అందరూ తెరిచేశారు, పాత గోల మళ్ళీ వచ్చి కూర్చుంది. అప్పుడామె మీటలు తీసేసి పని కంప్యూటర్‌కి అప్పగించింది. ఒక్కో టేబుల్ రింగు వంతులవారీగా కాసేపు తెరుచుకుంటుంది. వంతు వచ్చినప్పుడు రింగు మీద చిన్న పచ్చదీపం వెలుగుతుంది.

ఏర్పాటు చక్కగానే ఉంది. కానీ పచ్చదీపం వెలిగినవాళ్ళు ఎంత గొప్పలు చెప్పినా ఒక్క తలా తిరగలేదు. మిగతావాళ్ళంతా తమ వంతు వచ్చినప్పుడు ఏం చెప్పాలా అని రిహార్సల్ వేసుకుంటున్నారు. రాజుగారైతే చిన్నబుచ్చుకున్నారు. “వినేవోడు లేకపోతే ఎలాగండి?”

దసరా దగ్గర పడింది. జలంధర్ ఇంటికెళ్ళి అన్నం ముందు దిగులుగా కూర్చున్నాడు. హైమవతి సంగతంతా విని పకపకా నవ్వింది.

“వినేవాళ్ళే కదా కావాల్సింది? మా భజన బృందం ఉందిగా. భోజనం పెట్టు, చాలు.”

అలా చుక్కలపందిరి మధ్యలో వినేవాళ్ళ టేబుల్ వెలిసింది. దానికి రింగు లేదు. హైమవతి, ఆమె స్నేహితురాళ్ళు ఐదుగురు జరీచీరల్లో వచ్చి కూర్చునేవారు. పచ్చదీపం ఎక్కడ వెలిగితే అటు తిరిగేవారు. ఒకరినొకరు మోచేత్తో పొడుచుకునేవారు. “కుక్కకి ఈతా?” అని ముక్కున వేలేసుకునేవారు. ఒకావిడకి అసూయతో నిట్టూర్చడంలో మంచి నేర్పు ఉండేది. ఆ నిట్టూర్పు కోసమే కొందరు వారం వారం వచ్చేవారు. దసరా నాటికి ఒక్క కుర్చీ ఖాళీ లేదు. జిమ్ వాళ్ళు వేరే అంతస్తు చూసుకున్నారు. ఊళ్ళో మిగతా రెస్టారెంట్లు కూడా వినేవాళ్ళ కోసం ప్రకటనలు ఇచ్చాయి. జలంధర్ సంతోషం పట్టలేక వంటవాళ్ళందరినీ కౌగిలించుకున్నాడు.

మేదిని మాత్రం చాన్నాళ్ళు ఆ వైపు రాలేదు. నిశ్శబ్దం కోసం సగం జీవితం ధారపోసిన మనిషికి ఆ పచ్చదీపాలు నచ్చలేదు.

దీపావళి వెళ్ళాక ఒక సాయంత్రం వచ్చింది, ఒక్కతే. మూల టేబుల్ అడిగింది. ఇడియప్పం తెప్పించుకుంది. ఫోన్‌లో ఏదో మెయిల్ తీసి చదువుకుంటోంది, ఫోన్ పెట్టేస్తోంది, మళ్ళీ తీస్తోంది. కాసేపటికి ఆమె తలపైన పచ్చదీపం వెలిగింది. మేదిని దానివైపు చూసింది. గొంతు సవరించుకుంది. ఎదుట ఎవరూ లేరు. ఫోన్ చెవికి పెట్టుకుంది. అది మోగనేలేదని దూరంనుంచి జలంధర్‌కి తెలుస్తూనే ఉంది.

“ఆ, నేనే. జెనీవా నుంచి ఇప్పుడే తెలిసింది. ఈ ఏడు ధ్వనిశాస్త్రం అవార్డు నాకే ఇచ్చారట.”

వినేవాళ్ళ టేబుల్ మొత్తం గిర్రున తిరిగింది. హైమవతి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. “ఇంకొంచెం గట్టిగా చెప్పమ్మా, ఇటు సరిగ్గా వినబడలా.”

మేదిని ముఖం కందింది. ఫోన్ పక్కన పెట్టేసి, కుర్చీ హాలువైపు తిప్పుకుంది. “అవార్డు వచ్చిందండీ” అంది గట్టిగా. “ప్రపంచం మొత్తం మీద ఒక్కరికే ఇస్తారు. అసలేమైందంటే...”

అంతలో పచ్చదీపం ఆరిపోయింది. ఆమె పెదవులు కదులుతున్నాయి, చేతులు తిరుగుతున్నాయి, మాట మాత్రం రావడం లేదు. వినేవాళ్ళు ఉసూరుమన్నారు.

జలంధర్ కౌంటర్ వెనక్కి వెళ్ళి, కంప్యూటర్‌లో వంతులన్నీ పక్కకి నెట్టి, ఆమె రింగుని ఆ సాయంత్రం మొత్తానికీ తెరిచి పెట్టేశాడు. తర్వాత తనూ ఒక కుర్చీ లాక్కుని భార్య పక్కన వినడానికి కూర్చున్నాడు.