కాలువ క్వార్టర్సులో పేరు పెట్టి పిలిచేది

తెక్కలకోట దాటి కాలువ గట్టు మీద రెండు మైళ్ళు పోతే పాత క్వార్టర్సు ఒకటి ఉండాది. కాలువ నీళ్ళు చూసుకునే లస్కర్లు ఒకప్పుడు ఆడ కాపురం ఉండేవాళ్ళు. ఇప్పుడెవరూ లేరు. కిటికీలకు ఇటుకలు పెట్టి మూసేసినారు. తలుపుకు తాళం.

పొద్దు మునిగినాక ఆ దారిన ఊరోళ్ళు పోరు. పోయినా పక్కకు తిరిగి చూడరు. ఎందుకంటే ఆడుండేది ఉత్త ఏడ్చే దయ్యం గాదు... పేరు పెట్టి పిలిచే దయ్యం.

"పంపన్న మామా..." అని ఒక్కసారి. అంతే. మల్లా పిలవదు.

మా దిక్కు చిన్నప్పటినుంచి చెప్తారు — చీకట్లో ఎవరైనా పిలిస్తే మూడో పిలుపు దాకా పలకొద్దని. మనిషైతే విడవకుండా పిలుస్తాడు, దయ్యం ఒకటో రెండో పిలిచి ఊరుకుంటాదని. ఆ ఒక్క పిలుపు విని ఆ ఊరి పంపన్న సైకిలు ఆడనే పారేసి ఊర్లోకి పరిగెత్తినాడు. మూడు రోజులు జొరం.

అప్పటినుంచి ఆయన భార్య సుంకలమ్మ మంగళవారం వస్తే పెరుగన్నం కలిపి, పక్కన నిమ్మకాయ పెట్టి, పొద్దుండంగానే ఆ తలుపు ముందర తట్ట పెట్టి వచ్చేది. ఆమెను చూసి ఇంకో నలుగురు. ఒక్కొక్కరిది ఒక్కో వారం. తెల్లారి చూస్తే తట్ట నాకినట్టు ఉండేది.

"తింటాది సూడు," అనుకునేవాళ్ళు. "తిననీ. తింటే మన జోలికి రాదు."

ఇదంతా నాకు దుర్గక్క చెప్పింది. దుర్గక్కది గూడా మేముండే బళ్ళారి కంటోన్మెంటు దిక్కే. పిల్లల ఆఫీసులో కసువు ఊడ్చి, టీలు ఇస్తాది. యాడన్నా పిల్లల్ని కొడతాంటే, పనిలో పెడితే, పెండ్లి చేస్తాంటే జనం ఫోను చేస్తారే, ఆ ఆఫీసు. నలుగురిలో చెప్పేకి నాకు నోరు రాదు. అందుకని రాస్తాండా.

ఆ ఆఫీసులో ఫోన్లు ఎత్తేది మంజుశ్రీ. ఇరవై ఆరేండ్ల పిల్ల. మెత్తనిది, ఎవర్నీ గట్టిగా ఒక మాట అనదు. రోజుకు ముప్పై, నలభై ఫోన్లు. ఉండేది ఒకటే జీపు. అన్నిటికీ పోయేకి కాదు గదా. అందుకని ఫోనులోనే జల్లెడ పట్టాల.

"కండ్లారా చూసినారా, చెవులతో విన్నారా?"

చూసినామంటే ఎర్ర ఫైలు, జీపు పోతాది. విన్నామంటే పచ్చ ఫైలు — ముందు ఆ ఊర్లో ఎవరో ఒకరికి ఫోను చేసి నిజమా అని కనుక్కోవాల. ఒకే చోటు గురించి మల్లా ఫోనొస్తే కొత్త కాగితం తీయగూడదు, పాతదాంట్లోనే రాయాల. పెద్దసారు పరశురామ్ పెట్టిన పద్ధతి ఇది.

క్వార్టర్సు గురించి మొదటి ఫోను, వరికోత మిషను తోలే పరాయి ఊరి మనిషి చేసినాడు.

"ఈడ ఎవరో పాప ఏడుస్తాంది మేడం."

"చూసినారా?"

"లేదు... ఇనపడింది."

పచ్చ ఫైలు. మంజుశ్రీ వెతికితే ఆ ఊరి నీరగంటి భీమేష్ నంబరు దొరికింది. కాలువకు నీళ్ళు వదిలేది ఆయనే, క్వార్టర్సు తాళం గూడా ఆయన దగ్గరే. ఆయన కంటే బాగా ఇంకెవరికి తెలుస్తాది?

భీమేష్ నవ్వినాడంట. "అయ్యో, అది దయ్యం మేడం! ఊరంతా తెలుసు. అనుమానముంటే రాండి, చూపిస్తా."

మంజుశ్రీ గూడా నవ్వింది. కాగితం పైన భీమేష్ నంబరు రాసి పెట్టుకుంది.

మల్లా ఫోన్లు వచ్చినాయి. ఒక లారీ డ్రైవరు. గొర్లు తోలుకొని పోయే ముసలాయన. బస్సు చెడిపోయి గట్టు మీద నిలబడిన ఒకామె. అందరూ బయటోళ్ళే. ఊరోళ్ళు ఒక్కరూ చేయలేదు. ప్రతిసారీ మంజుశ్రీ అదే కాగితం తీసేది, పైనుండే అదే నంబరుకు ఫోను చేసేది.

"మల్లా దయ్యమేనా భీమేషన్నా?"

"మల్లా అదే మేడం."

ఏడు ఫోన్లు. కాగితం ఒకటే.

ఒక రోజు సిరుగుప్ప దిక్కు చిన్నపిల్ల పెండ్లి ఒకటి ఆపేసి మంజుశ్రీ జీపులో తిరిగి వస్తాంది. చీకటి పడింది. ఊర్లలో కరెంటు లేదు. డ్రైవరు జంబన్న ఉన్నట్టుండి అద్దాలు ఎక్కించినాడు.

"ఉక్కపోస్తాంటే అద్దాలెందుకన్నా?"

"క్వార్టర్సు వస్తాదమ్మా."

"ఆడ ఆపు. ఒకసారి చూసి, ఆ ఫైలు మూసేస్తా."

"గమ్మున కూసోమ్మా... దయ్యానికి గూడా హాస్టల్లో సీటు ఇప్పిస్తావా ఏంది?"

మంజుశ్రీ నవ్వుకుంటానే దిగింది.

సెల్లు లైటు వేసుకొని కంపచెట్ల నడుమ పోయింది. తలుపు ముందర తట్ట. పెరుగన్నం సగం అట్లే ఉండాది. తలుపు అడుగున చెక్క చెదలు తినేసి జానెడు సందు.

చప్పుడు లేదు.

"ఎవరు... లోపల?" అనింది. ఆమె గొంతు ఆమెకే ఇనపడలేదు. మల్లా అనింది.

లోపల ఏదో కదిలింది. నేల మీద ఈడ్చుకుంటా... ఈడ్చుకుంటా... తలుపు దాకా వచ్చి ఆగింది. ఊపిరి ఇనపడతాంది.

సందులోంచి చెయ్యి వచ్చింది.

పుల్ల మాదిరి చెయ్యి. గోర్లు వంకర్లు తిరిగి ఉండాయి. తట్టను తడిమింది. అన్నంలో వేళ్ళు పెట్టింది. వెలుతురు దిక్కు మల్లింది... తట్ట వదిలేసి, మంజుశ్రీ కాలు పట్టుకుంది.

మంజుశ్రీ కేక పెట్టింది. కాలు ఇదిలించింది. ఆ చెయ్యి పోయి తలుపు చెక్కకు టక్కుమని తగిలింది. సెల్లు కింద పడితే తీసుకోకుండానే పరిగెత్తింది.

లోపలి నుంచి ఒక్కసారే ఇనపడింది — "అక్కా..."

మరుసటి దినం పొద్దున ఆఫీసుకు పోయేసరికి జంబన్న అందరికీ చెప్పేసినాడు. పరశురామ్ సారు ఫారం తీసి బల్ల మీద పెట్టినాడు.

"దామ్మా, నింపుదాం. దయ్యం పేరేంది? వయసెంత? ఏ బడి?"

ఆఫీసంతా ఒకటే నవ్వు. మంజుశ్రీకి తల ఎత్తే ధైర్యం లేకపోయింది. పాత కాగితం తీసి రాసింది — "చోటుకు పోయి చూసినాను. ఇల్లు ఖాళీ. వదంతి." కింద సంతకం. ఫైలు మూసేసినారు.

ఆ పొద్దు దుర్గక్క వాకిట్లో చెప్పులు పక్కకు జరుపుతా చూసింది.

"తల్లీ, నీ చెప్పుకు అన్నం మెతుకులు అంటుకొని ఉండాయే?"

మంజుశ్రీ కూచొని ఆ మెతుకులు గీకేసింది.

"అది కాలు పట్టుకునిందంటివే... ఆ చెయ్యి సల్లగా ఉండాదా, ఎచ్చగా ఉండాదా?"

"సల్లగా," అనింది మంజుశ్రీ. లేచి లోపలికి పోయింది.

ఒక దినం. రెండు దినాలు. సంతకం పెట్టేసింది గదా. ఇప్పుడు మాట మారిస్తే, చూసి గూడా ఖాళీ అని రాసినట్టే. ఉద్యోగం పోతాది. నాలుగో దినం సాయంత్రం, దుర్గక్క గ్లాసులు కడుగుతాంటే ఎనక వచ్చి నిలబడింది.

"ఎచ్చగా ఉండాది దుర్గక్కా."

దుర్గక్క చేతిలో గ్లాసు పడిపోయింది.

తెల్లారి పోలీసులను పిలుచుకొని పోయినారు. భీమేష్‌కు ఫోను చేయలేదు. "ఒంటిగా నావల్ల గాదు" అని మంజుశ్రీ అంటే దుర్గక్క గూడా పోయింది. తలుపు ముందర అదే తట్ట, ఎండిపోయి. ఈ నాలుగు దినాలు ఎవరూ అన్నం పెట్టలేదు. బళ్ళారి మేడమే చూసి పరిగెత్తిందంట, ఇది ఉత్త దయ్యం గాదు అని ఊరోళ్ళు గట్టు దిక్కే రావడం మానేసినారు.

తాళం పగలగొట్టినారు. వాసనకు పోలీసాయన ముక్కు మూసుకొని ఎనక్కు వచ్చేసినాడు.

మూలన ఆడపిల్ల. ఎనిమిదేండ్లు ఉంటాయో లేదో. జుట్టు జడలు కట్టి ఉండాది. వెలుతురుకు కండ్లు మూసుకునింది.

దూరంగా నిలబడిన జనంలోంచి సుంకలమ్మ గట్టిగా ఏడ్చేసింది. "మన నయన గదే! భీమేష్ వాళ్ళన్న కూతురు! హోస్పేట హాస్టల్లో ఉండాదని చెప్పెనే వాడు..."

అమ్మా నాయనా పోయిన పిల్ల. కాలువ కింద రెండెకరాల మాగాణి ఆ పిల్ల పేరు మీద ఉండాది. ఊర్లో పుట్టి ఊర్లో ఆడుకున్న పిల్ల. ఎవరి గొంతు ఇనపడితే వాళ్ళను వరస పెట్టి పిలిచింది. ఒక్క పిలుపుకే అందరూ పరిగెత్తిపోతాంటే రెండోసారి ఎవర్ని పిలుస్తాది?

మంజుశ్రీ మోకాళ్ళ మీద కూచొని చేతులు చాపింది. "రా బంగారూ... ఇంటికి పోదాం."

పాప రాలేదు. గోడకు ఇంకా అతుక్కునింది. మాట గుసగుసగా వచ్చింది.

"నేను సచ్చిపోయినా గదక్కా. చిన్నాయన చెప్పినాడు. అందుకే అందరూ పరిగెత్తుతారంట."

మంజుశ్రీ ఏడుస్తా దగ్గరికి పోయింది. పాప గబగబా చేతులు రెండూ ఈపు ఎనక దాచుకునింది.

"ముట్టుకోవద్దక్కా... నువ్వు గూడా సచ్చిపోతావు."