నానమ్మ చెవికి నచ్చిన పళ్లు

"ఈ పళ్లు మీవేనా?"

చిన్న ప్లాస్టిక్ డబ్బాను బల్ల మీద పెట్టి అడిగాడు అతను. చొక్కా మీద గ్రీజు మరక, గొంతులో కోపం.

"కాదండీ. నావి నా నోట్లోనే ఉన్నాయి," అంది ఆమె, మైనం కరిగించే దీపాన్ని తగ్గిస్తూ.

కట్టుడుపళ్లు తయారుచేసే ఆ ల్యాబ్‌కి మనుషులు రావడం అరుదు. డాక్టరు దగ్గర్నుంచి అచ్చులు వస్తాయి, పళ్లు వెళతాయి, అంతే. మూడేళ్లుగా ఆమెకు పరిచయమైన నోళ్లన్నీ ప్లాస్టర్‌వే.

"మా తాతయ్యవి. చేసింది మీరేనని డాక్టరుగారు చెప్పారు. చూడ్డానికి ముత్యాల్లా ఉన్నాయి, మాటే ముద్దముద్దగా వస్తోంది. నానమ్మకి కళ్లు కనపడవు. రోజూ పొద్దున్నే ఆవిడకి పేపర్ చదివి వినిపించేవారు. ఇప్పుడు మానేశారు. ఇద్దరూ చెరో కుర్చీలో బొమ్మల్లా కూర్చుంటున్నారు."

ఆమెకు రోషం ముంచుకొచ్చింది. "కొత్తలో అలాగే ఉంటుందండీ. అలవాటవుతుంది."

"రెండు నెలలైంది. నేను లిఫ్టులు బాగుచేస్తాను. మధ్యలో ఇరుక్కుపోయినవాళ్లతో అలవాటవుతుందని చెప్పను."

ఆ మాట సూటిగా తగిలింది. డబ్బా తెరిచి పై సెట్టును వెలుతురుకి పట్టి చూసింది. విరగకూడదని అంగిలి మీదికి వచ్చే భాగాన్ని మందంగా పోసింది తనే. పాపం, ఆ నోట్లో నాలుక తిరగడానికి చోటేది? అందం కోసమని ముందుపళ్లను కాస్త బయటికి జరిపింది కూడా తనే. సిగ్గేసింది.

"కొత్తగా చేస్తాను. కానీ ఆయన అసలు ఎలా మాట్లాడేవారో నాకు తెలీదు కదా," అంది మెత్తబడి.

"నానమ్మకి తెలుసు."

డాక్టరుగారిని ఒప్పించి, ముందుగా సరిచూడ్డానికి మైనంలో గుచ్చిన పళ్లతో ఆదివారం వాళ్లింటికి వెళ్లింది. తాతయ్య వాటిని పెట్టుకుని పేపర్‌లో ఒక వార్త చదివారు. నానమ్మ తల వంచి విన్నది.

"ఎవరో పక్కింటాయన వచ్చినట్టుంది."

ఆమె మైనం గీకింది, పళ్లను వెంట్రుకవాసి లోపలికి జరిపింది. లిఫ్టబ్బాయి టార్చి పట్టుకున్నాడు. వెలుగు అటూ ఇటూ ఊగింది.

"వెలుగు నిలకడగా పట్టండి. లిఫ్టులు కూడా ఇలాగే బాగుచేస్తారా?"

"లిఫ్టు నాకేసి ఇలా చూడదండీ."

ఆమె తల వంచుకుని, గీకిన చోటే మళ్లీ గీకింది.

తాతయ్య రెండోసారి చదివారు. "ఇప్పుడు మా మరిదిలా ఉంది," అంది నానమ్మ.

మూడోసారి రెండు వాక్యాలైనా కాకముందే ఆవిడ చెయ్యి చాచి తాతయ్య మోచెయ్యి పట్టుకుంది. "ఇదిగో, వచ్చారు," అంది. కళ్లు తుడుచుకుంది.

పది రోజులకి అసలు సెట్టు పట్టుకుని ఆమె మళ్లీ వాళ్లింటికి వెళ్లింది. తాతయ్య మొదటి పేజీ నుంచి బనియన్ల ప్రకటన దాకా ఆగకుండా చదివారు. ఎక్కడా నొప్పి లేదన్నారు. ఆమె సామాను సర్దుకుంది. ఇంత బాగా కుదిరినందుకు సంతోషించాల్సింది పోయి, ఇక ఈ ఇంటికి రావడానికి సాకేమీ మిగల్లేదని దిగులుపడింది.

"వెళ్లొస్తానండీ."

"అదే... మరి... సరేనండీ," అన్నాడు లిఫ్టబ్బాయి.

"ఆగమ్మా," అంది నానమ్మ. "వీడు ఫోన్లో కస్టమర్లతో మాట్లాడితే వీధి చివరికి వినపడుతుంది. నువ్వొస్తే మాత్రం మాట బయటికి రాదు. వీడి నోట్లో కూడా మందంగా ఏదో అడ్డం పడ్డట్టుంది. కాస్త చూడు."

"పేషెంటే నోరు తెరవాలి నానమ్మగారూ," అంది ఆమె, సర్దిన సామాను మళ్లీ కింద పెడుతూ.

అతను గొంతు సవరించుకున్నాడు. "మీరంటే నాకిష్టం. పెళ్లి చేసుకుందామా?"

"ఒక్క అక్షరం కూడా మింగలేదు!" అన్నారు తాతయ్య.

ఆమె జవాబు చెప్పబోయింది. నాలుక కదిలింది గానీ మాట రాలేదు. తాతయ్య మాటను సరిచేసిన మనిషి అలా నోరు తెరుచుకుని నిలబడిపోయింది.

"కొత్తలో అలాగే ఉంటుందండీ," అన్నాడు అతను. "అలవాటవుతుంది."

ఆమె పకపకా నవ్వేసింది.

నానమ్మ తల వంచి ఆ నవ్వును చివరిదాకా విన్నది.

"ఒప్పుకుంది," అని చెప్పి, తాతయ్య వైపు తిరిగింది. "ఏవండీ, ఆపేశారేం? చదవండి."