ముసుగు కింద ఎర్ర చెప్పులు

“డయానా మన మనిషని బయటపడితే అంతోని తిరిగి రాడు. మిగతావన్నీ మరిచిపోయినా ఫర్వాలేదు, ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకో సిద్ధార్థా.”

ఎస్పీ జయకృష్ణ గారి బ్రీఫింగులు ఇలాగే ఉంటాయి. టీ చల్లారకముందే మొదలై, చల్లారకముందే అయిపోతాయి.

ఎదురుగా నిలబడ్డ ఏజెంట్ సిద్ధార్థను చూస్తే ఏజెంటని ఎవరూ అనరు. మాసిన గడ్డం, గ్రీజు మరకల చొక్కా, నోట్లో కిళ్ళీ. కొన్నాళ్ళుగా అతను ఆటోనగర్‌లో వ్యాన్ డ్రైవర్ శీను. కన్నతల్లి ఎదురుపడినా “పక్కకి జరుగు బాబూ” అని పోతుంది.

టార్గెట్ హనుమాన్ జంక్షన్‌లో, ఓ స్వీట్ షాపు మేడమీద. బోర్డు మీద ఓవర్సీస్ జాబ్ కన్సల్టెన్సీ అని ఉంటుంది. ఓనర్ రామకోటేశ్వరరావు. ఒకప్పుడు చేపల చెరువులు చేసినవాడు, ఇప్పుడు కుర్రాళ్ళకి గాలం వేస్తున్నాడు. డేటా ఎంట్రీ ఉద్యోగమని విమానం ఎక్కిస్తాడు. అక్కడ దిగాక పాస్‌పోర్టులు లాక్కుని, సరిహద్దు పక్కన ఓ బిల్డింగులో పడేసి, ఫోన్లలో జనాన్ని మోసం చేయిస్తారు. కాదంటే కరెంటు షాకులు. అక్కడి బాస్‌ని అందరూ కెప్టెన్ అంటారు. గొంతే తప్ప మొహం చూసినవాడు లేడు.

డయానా ఆ కన్సల్టెన్సీలో స్పోకెన్ ఇంగ్లీష్ ట్రైనర్. సెంటు, లిప్‌స్టిక్, ఎర్రటి హైహీల్స్. ఆమె మెట్లెక్కుతుంటే కింద స్వీట్ షాపులో తూకాలు తప్పేవి. ఆమె తమ్ముడు అంతోని పాత బ్యాచ్‌లో వెళ్ళి ఆ బిల్డింగులోనే ఇరుక్కున్నాడు. తమ్ముడు గుప్పిట్లో ఉన్నాడు కాబట్టి అక్క చచ్చినట్టు పనిచేస్తుందని కెప్టెన్ లెక్క. అక్క పనిచేస్తూనే ఉంది. కాకపోతే ఓ ఆదివారం గుణదల చర్చి కొండ దిగి, తిన్నగా ఎస్పీ గారి దగ్గరికి వచ్చి అంతా చెప్పేసింది.

“రెండు పడవల మీద కాళ్ళు. ఆమెను నమ్మొచ్చా సార్?”

“తమ్ముడి కోసం వచ్చింది. అంతకు మించిన గ్యారంటీ నా సర్వీసులో చూడలేదు. రెయిడ్‌లో ఆమెనీ అరెస్టు చేస్తాం, ఆమెనీ జైల్లో పెడతాం. దొరికిపోయిందనే కెప్టెన్ అనుకోవాలి. ఆ ధీమాలో వాడుండగానే మన రాయబార కార్యాలయం వాళ్ళు అంతోనిని బయటికి లాగుతారు.”

మర్నాడు, కన్సల్టెన్సీ కుర్రాళ్ళను ఎయిర్‌పోర్టుకు దింపే తన వ్యాన్‌లో సిద్ధార్థ ఆమెకు ఓ సిలువ గొలుసు ఇచ్చాడు. లోపల వేలిగోరంత మైక్.

“కెప్టెన్ నోరు విప్పాలి. రికార్డు కాగానే ‘పామర్రు బస్సు వెళ్ళిపోయిందా’ అని నన్ను అడగండి. మావాళ్ళు దిగుతారు.”

“ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య” అంది డయానా, గొలుసు మెడలో వేసుకుంటూ. “మీ డిపార్ట్‌మెంట్ సంగతి నాకు తెలుసండీ.”

“మీ తమ్ముడికి నాది పూచీ.”

ఆమె వంగి చెప్పు బకిల్ సరిచేసుకుంది. “వీటిని వాడే కొనిచ్చాడు. ‘అక్కా, నువ్వు హీరోయిన్‌లా ఉండాలి’ అన్నాడు, వెధవ.” బకిల్‌ని మళ్ళీ విప్పి, మళ్ళీ పెట్టుకుంది.

గన్నవరం ఎయిర్‌పోర్ట్. మిట్టమధ్యాహ్నం.

కొత్త చొక్కాల మడతలు విప్పని కుర్రాళ్ళు సెల్ఫీలు దిగుతున్నారు. రామకోటేశ్వరరావు రుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. కెప్టెన్ ఫోన్ రాలేదు. వాడి గొంతు లేకపోతే కోటేశ్వరరావు సాయంత్రానికి బెయిల్ మీద ఇంటికెళ్ళి పెరుగన్నం తింటాడు. కుర్రాళ్ళు గేటు దాటితే మళ్ళీ దొరకరు.

ముందున్న కుర్రాడు గార్డు చేతికి పాస్‌పోర్టు అందించాడు.

ఫోన్ మోగింది. కోటేశ్వరరావు స్పీకర్ ఆన్ చేశాడు. అవతల వచ్చీరాని హిందీ.

“బ్యాచ్ రెడీనా?”

“రెడీ సర్” అంది డయానా, ఫోన్ దగ్గరికి వంగుతూ. “వీళ్ళు కాస్త దూకుడు మనుషులు. అక్కడికొచ్చి గొడవ చేస్తేనో?”

కెప్టెన్ నవ్వాడు. “పాస్‌పోర్టులు మా దగ్గరుంటే ఎక్కడికి పోతారు? గొడవ చేస్తే కరెంటు రూము. నీ తమ్ముణ్ణి అడుగు, వాడికి బాగా తెలుసు.”

డయానా నిటారుగా నిలబడింది. మెల్లగా డ్రైవర్ శీను వైపు తిరిగింది.

“పామర్రు బస్సు వెళ్ళిపోయిందా?”

నేల తుడుస్తున్నవాడు మాప్ పారేసి దూకాడు. కుర్చీలో కునుకు తీస్తున్న పెద్దాయన పిస్టల్ తీశాడు. గార్డు చేతిలోని పాస్‌పోర్టు గేటు దాటలేదు. కోటేశ్వరరావు పరిగెత్తబోయి తన సూట్‌కేసు మీదే బోర్లా పడ్డాడు. వెంట వచ్చిన అతని అనుచరులు నలుగురూ చేతులెత్తారు.

“మా ఉద్యోగాలు చెడగొట్టారు కదండీ!” అని ఏడ్చాడు ఓ కుర్రాడు. వాణ్ణి కాపాడింది ఎవరో వాడికెప్పటికీ తెలియదు.

డయానా ముందే అడిగినట్టు లేడీ కానిస్టేబుల్ కనకలక్ష్మి అందరి ముందూ ఆమె చెంప పగలగొట్టింది. నాటకం రక్తి కట్టింది. సిద్ధార్థకు మాత్రం ఆ దెబ్బ తనకే తగిలినట్టయింది. వ్యాన్ ఎక్కించేటప్పుడు కనకలక్ష్మి చెవిలో ఒక్క మాటన్నాడు.

“కాస్త చూసుకోండమ్మా.”

ఆ ఒక్క మాటా అనకుండా ఉండాల్సింది. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే!

మర్నాడు ప్రెస్‌మీట్. నల్ల ముసుగులేసి ముద్దాయిలను వరసగా నిలబెడతారు. కాళ్ళకు చెప్పులుండవు. ఆ రూలు ఎక్కడా రాసి లేదు గానీ అందరూ పాటిస్తారు. ఏప్రిల్ ఎండకు ఆవరణలోని సిమెంటు పెనంలా కాలుతోంది. సిద్ధార్థ దూరంగా నల్లద్దాల వ్యాన్‌లో ఉన్నాడు, ఏజెంట్ కెమెరాలకు కనబడకూడదు. అక్కణ్ణించి అతనికి కనిపించినవి విలేకరుల వీపులే.

సాయంత్రం, సీజ్ చేసిన కోటేశ్వరరావు ఫోన్‌కి ఓ మెసేజ్ వచ్చింది. ప్రెస్‌మీట్ ఫోటో. ఆరు ముసుగులు. ఐదుగురి పాదాలు బోసిగా, బొబ్బలెక్కుతూ. ఆరో మనిషి కాళ్ళకు ఎర్రటి హైహీల్స్. వాటి చుట్టూ ఎవరో సున్నా చుట్టారు. ముద్దాయికి పోలీసులు అంత మర్యాద ఎందుకు చేస్తారో తెలుసుకోవడానికి కెప్టెన్‌కి పెద్ద తెలివి అక్కర్లేదు.

ఫోటో కింద ఒకే వాక్యం. ‘మీ ఊరివాళ్ళు మర్యాదలు బాగా చేస్తారట, నిజమే.’

“నేనేనండీ” అంది కనకలక్ష్మి, రుమాలు నోట్లో కుక్కుకుంటూ. “మీరు చూసుకోమన్నారు కదా అని… ఆడకూతురు, కాళ్ళు కాలిపోతున్నాయని వేసుకోమన్నాను. ఆ అమ్మాయి వద్దంటూనే ఉంది.”

సిద్ధార్థ ఆవిడను ఏమంటాడు? ఏమన్నా తన్నే అనుకోవాలి.

రాయబార కార్యాలయం మనుషులు వెళ్ళేసరికి ఆ బిల్డింగు ఖాళీ. అంతోని ఫోన్ మోగలేదు. ఆ తర్వాత ఎప్పుడూ మోగలేదు.

జైలు ములాఖత్ గదిలో డయానా సిద్ధార్థ మొహం చూసి తమ్ముడి సంగతి అడగడం మానేసింది. తన ఒట్టి పాదాల వైపు చూసుకుంది.

“కాళ్ళు కాలితే కాలనివ్వాల్సిందండీ” అంది. “నేనేమైనా అడిగానా?”

పూచీ ఇచ్చిన మనిషి కూడా ఆ పాదాల వైపే చూశాడు. ఆమె లేచి లోపలికి వెళ్ళిపోయింది. నడుస్తుంటే చప్పుడు లేదు.

కుర్రాళ్ళను కాపాడినందుకు సిద్ధార్థకు మెడల్ వచ్చింది. కెప్టెన్ ఇంకో దేశంలో ఇంకో బిల్డింగు తీసుకున్నాడని కబురొచ్చింది. ఇవి చాలవన్నట్టు ఎస్పీ గారు అతన్ని కొత్త ఎస్సైలకు క్లాసు చెప్పమన్నారు. సబ్జెక్టు, ఇన్‌ఫార్మర్ల భద్రత.

ముందు వరసలో ఓ ఎస్సై లేచాడు. “సార్, అన్నిటికన్నా ముందు తీసుకోవాల్సిన జాగ్రత్త ఏంటండీ?”

“చెప్పులు విప్పించండి.”

జోకనుకుని క్లాసంతా గొల్లుమంది. సిద్ధార్థ కూడా నవ్వాడు. వేషం కాపాడుకోవడం అతనికి బాగా వచ్చు, తనది మాత్రం.