ఏడో వాడలో బహిర్ధ్వని

పెళ్లి ఊరేగింపు మూడో వాడ మలుపు తిరిగేలోపు బ్యాండుమేళం ఎవరెవరి చెవుల్లో మోగాలో హైమ తేల్చాలి. తెర మీద వీధి పొడవునా పచ్చటి చుక్కలు కదులుతున్నాయి. ఒక్కో చుక్కా ఒక్కో చెవిపూస, చెవిలో పెట్టుకుంటే చప్పుడు ఆ ఒక్కరికే వినిపించే పూస. పెళ్లివారివి సరే, వాళ్లు ముందే ఒప్పుకున్నారు. దారిలో నిలబడి చూస్తున్నవాళ్లు కొందరు మాకూ పంపండి అని అడిగారు. మలుపు దగ్గరి కంటి ఆసుపత్రి మాత్రం వద్దంది. హైమ ఆసుపత్రి చుట్టూ వేలితో ఒక గీత గీసింది. మేళం ఆ గీత దగ్గర ఆగి, దాటాక మళ్లీ అందుకుంటుంది. వాయించేవాళ్ల చేతులు ఆగవు. మెత్త చుట్టిన కర్రలు డోళ్ల మీద చప్పుడు లేకుండా పడుతూనే ఉంటాయి.

తర్వాతిది సెలూన్ గొడవ. సెలూన్ ఆయన ఫోను కుర్చీలో కూర్చున్న మనిషి చెవిపూసకు జతపడింది. ఇంటి నుంచి వచ్చిన కాల్ మొత్తం గడ్డం గీయించుకుంటున్నాయన విన్నాడు. "మీ ఆవిడ వచ్చేటప్పుడు ఉల్లిపాయలు తెమ్మంటోంది" అని ఆయనే చెప్పాడట. హైమ నవ్వుకుని ఇద్దరికీ చెరొక సూచన పంపింది. జత విడదీయడం పూస ఎవరిదో వాళ్ల వేలితోనే జరగాలి. అది హైమ పనిచేసే ధ్వనివాహిని కేంద్రం చేతిలో లేదు.

కేంద్రం కొండ మీద ఉంది. కిటికీలోంచి చూస్తే కింద ఏడో వాడ, దాని అంచున ఎర్రగెడ్డ కాలువ, ఆ వెనక సముద్రం. ఇన్ని వేల మంది ఉన్న నగరంలోంచి పైకి ఏ చప్పుడూ రాదు. ఏ చప్పుడైనా చెవిపూసల్లోనే మోగాలి, ఫోనులు బయటికి మాట్లాడకూడదు అన్న మూగముద్ర చట్టం రాకముందు హైమ తల్లి చెవుల్లో దూది పెట్టుకుని వంట చేసేది. పై అంతస్తు పాటలు, కింది అంతస్తు వార్తలు, పక్కింటి ఫోను తగాదాలు గోడల్లోంచి వచ్చేవి. తల్లి నిద్ర మాత్రలతోనే ముసలిదైంది. నిశ్శబ్దం మంచిదని హైమకు ఎవరూ నచ్చజెప్పక్కర్లేదు.

మధ్యాహ్నం భోజనానికి లేవబోతుండగా ఏడో వాడ నుంచి పిలుపు వచ్చింది.

"ఓలమ్మా, ఎవలైనా ఉన్నారా? మనిసేనా మాటాడతంట?"

"మనిషినే అమ్మా. చెప్పండి."

"నా పేరు నూకరత్నం. కాలవ పూడిక తీసే పని మాది. లాకులెత్తి నీళ్లొదులుతారని ఇందాకల చెవిపూసలో సెప్పేరు. నాను గట్టెక్కీసేను. మా బావ రానేదమ్మా. దాలినాయుడు. అటు గట్టు తూము నోపలున్నాడు."

హైమ పేరు వెతికింది. దాలినాయుడి వరస తెర మీదికి వచ్చింది. హెచ్చరిక చేరింది. చెవిపూస చెవిలో ఉంది. విన్నట్టు నిర్ధారణ అయింది.

"ఆయనకూ చెప్పారమ్మా. విన్నట్టే ఉంది ఇక్కడ."

"ఏటి వినడం! పూస చొక్కా జేబులో ఉన్నాది. చొక్కా కంచె మీదున్నాది. ఇక్కణ్నించి నాకు కనపడతన్నాది."

హైమ మళ్లీ చూసింది. పూస ఒకచోట, ఫోను దానికి కాస్త దూరంలో, తూము లోపల. రెండూ జతలోనే ఉన్నాయి. పూస వెచ్చగా ఉంటే చెవిలో ఉన్నట్టే లెక్క. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆరేసిన చొక్కా జేబు ఒంటి వేడికి ఏమీ తీసిపోదు. ఫోను దాలినాయుడి నడుముకే ఉంది. కానీ దానికి ఏ పిలుపు వచ్చినా ఆ చప్పుడు చొక్కా జేబులోకి వెళ్లి మోగుతోంది.

"ఫోను నడుం దగ్గర అదురుతుంది కదా?"

"సేతిలో పూడిక కొట్టే నీటి తుపాకీ ఉన్నాదమ్మా. ఒళ్లంతా అదురుతానే ఉంటాది. అరిసి అరిసి నా గొంతు పోయింది. వంతెన సూస్తే ఆ మూలనున్నాది. ఏదోటి సెయ్యి తల్లీ. ఆడి ఫోను ఆడి దగ్గరే మోగేలాగ సెయ్యి."

ఆమెను లైన్లోనే ఉండమని హైమ జలనియంత్రణ విభాగానికి కాల్ కలిపింది. ఇంజినీరు కుర్రగొంతుతో, మర్యాదగా మాట్లాడాడు.

"తూములో మనిషి ఉన్నాడండీ. లాకులు ఆపండి."

"పనివాళ్లందరూ హెచ్చరిక విన్నారండీ. నిర్ధారణ ఉంది."

"ఆ నిర్ధారణ తప్పు."

"అది మీ కేంద్రం పంపిందే కదండీ?" అతను నిజంగానే తికమకపడ్డాడు. "మీరు వెనక్కి తీసుకుంటే ఇక్కడ లాకులు వాటంతటవే ఆగిపోతాయి. నా చేత్తో ఆపే వీల్లేదు. పైన జలాశయం నిండిపోయింది. ఎక్కువసేపు ఆపినా ఎగువ వాడల్లోకి నీళ్లొస్తాయి."

నిర్ధారణ వెనక్కి తీసుకునే అధికారం పర్యవేక్షకుడు విక్టర్ గారిది. హైమ ఆయన్ని పిలిచింది. ఆయన విన్నట్టు నిర్ధారణ వచ్చింది. ఆయన మాత్రం రాలేదు.

పక్క బల్ల దగ్గర మెహర్ తన పని ఆపేసి చూస్తోంది. "ఆ ఒక్క ఫోనుకీ ముద్ర విప్పలేమా?"

విప్పలేరు. ఒక్క ఫోనును బయటికి మాట్లాడించే దారి లేకుండా చట్టం చేసినవాళ్లు జాగ్రత్తపడ్డారు. అలాంటి దారి ఉంటే ఎవరి గుట్టునైనా నలుగురిలో పెట్టొచ్చు. విప్పితే వాడ మొత్తానికీ విప్పాలి. ఉప్పెన వస్తే వాడుకోవడానికని ప్రతి బల్ల మీదా ఒక బహిర్ధ్వని మీట ఉంది. హైమ ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ దాన్ని ఎవరూ తాకలేదు. దాని మీది గాజు మూతను నెలకోసారి తుడవడం మాత్రం జరుగుతోంది.

"నీళ్ల సప్పుడు ఇనబడతన్నాది" అంది నూకరత్నం. ఇప్పుడామె అరవడం లేదు. దాంతో హైమకు ఇంకా భయమేసింది.

"నూకరత్నమ్మా, మిమ్మల్ని ఆయన ఫోనుకి కలుపుతున్నాను. నేను ఊ అనగానే పిలవండి. ఆపకుండా పిలవండి."

హైమ మూత ఎత్తి మీట నొక్కి, ఊ అంది.

ఏడో వాడలోని ప్రతి ఫోనూ చెవిపూసను వదిలేసి బయటికి మాట్లాడడం మొదలుపెట్టింది. వంటింట్లో ఒకామె వింటున్న పూజా మంత్రాలు మెట్లదాకా వచ్చాయి. బట్టల షాపులో క్రికెట్ వ్యాఖ్యానం మోగింది. బెంచీ మీద కూర్చుని పక్కపక్కనే వేర్వేరు పాటలు వింటున్న భార్యాభర్తలు ఉలిక్కిపడి ఒకరి ఫోను వైపు ఒకరు చూశారు. రోడ్డు మీద నడుస్తున్న ఒకాయన ఫోనులోంచి ఆడగొంతు "నువ్వు చెప్పేదంతా అబద్ధం" అంది. నలుగురు తలతిప్పారు. కొండ మీదికి ఇవేవీ విడివిడిగా రాలేదు. తుట్టె కదిలితే లేచే తేనెటీగల రొదలాంటిది కిటికీ అద్దానికి వచ్చి తగిలింది. హాల్లో అందరూ లేచి నిలబడ్డారు.

తూములో దాలినాయుడి నడుం దగ్గర నూకరత్నం గొంతు పేలింది. "బావా! బయటికి రా! నీళ్లొదిలీసేరు! బావోయ్!"

సొరంగం గోడలు ఆ కేకను పట్టుకుని తిప్పి తిప్పి కొట్టాయి. నీటి తుపాకీ ఆగిన సంగతి హైమకు లైన్లో తెలిసింది. ఆ తర్వాత బురదలో పరుగు. రొప్పు. ఇనుప నిచ్చెన మెట్లు టంగుమన్న చప్పుడు. దాని వెనకే నీళ్లు వచ్చాయి. ఆ హోరులో చాలాసేపు ఏమీ తెలియలేదు. హైమ రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"ఎవలే అలాగ అరిసేది?" అన్నాడు దాలినాయుడు చివరికి. "సెవులు పగిలిపోయేయి."

నూకరత్నం ఏడుస్తూ తిట్టింది, తిడుతూ ఏడ్చింది. అదంతా ఏడో వాడ ఫోనుల్లో వినబడలేదు గాని, గట్టు మీదున్న పనివాళ్లందరూ విన్నారు. హైమ మీటను వెనక్కి లాగింది. కిటికీ అవతల రొద ఒక్కసారిగా తెగిపోయింది.

ఆమె కూర్చునేలోపే ఫిర్యాదులు మొదలయ్యాయి. మొదటిది తనే తీసుకుంది.

"నా పేరు సుధామణి" అంది అవతలి గొంతు. "ఏడో వాడ ట్రామ్‌లో ఉన్నాను. డాక్టరు గారితో మాట్లాడుతున్నాను. గర్భం నిలవలేదమ్మా అని ఆవిడ చెప్పింది. ట్రామంతా విన్నారు. నాకంటే ముందు నా ఎదుటి సీటామెకి అర్థమైంది. ఆవిడ మొహం చూసి నాకు తెలిసింది. మా ఆయనకి నేనింకా చెప్పనేలేదు. ఎవరు చేశారీ పని?"

"నేనే చేశానమ్మా." అంది హైమ. "ఒక మనిషి కాలువలో చిక్కుకున్నాడు. వేరే దారి లేకపోయింది."



"బతికాడా?"

"బతికాడు."

కాల్ తెగిపోయింది. ఫిర్యాదు అలాగే ఉంది, ఆమె దాన్ని వెనక్కి తీసుకోలేదు. హైమ ఆ పేరు వైపు చూస్తూ కూర్చుండిపోయింది. మెహర్ మంచినీళ్లు తెచ్చి పెట్టినా ముట్టుకోలేదు.

విక్టర్ గారు వచ్చేసరికి ఆయన గడ్డం నుంచి నీళ్లు కారుతున్నాయి. జేబురుమాలుతో తుడుచుకుంటూ హైమ బల్ల దగ్గర నిలబడ్డారు.

"నేను పిలిచాను సార్."

"తెలుసు. మొహం కడుక్కుంటూ పూస అద్దం దగ్గర పెట్టాను. దీపం వేడి తగిలినట్టుంది." ఆయన ఆ మాటను పొడిగించలేదు. "ఆ మనిషి క్షేమం కదా? మంచిది. ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా విను. సాయంత్రంలోపు కారణం నమోదు చెయ్యాలి. చెయ్యి తగిలింది, పొరపాటున జరిగింది అని రాయి. నీకో హెచ్చరిక వస్తుంది. అంతే. నేను చూసుకుంటాను."

"పొరపాటు కాదు సార్."

"నాకు తెలియదా? ఆ చోట ఉంటే నేనూ నొక్కేవాణ్ని. కానీ నిర్ణయమని రాస్తే ఏమవుతుందో ఆలోచించావా? చెవిపూస నిర్ధారణ తప్పని కేంద్రమే ఒప్పుకున్నట్టవుతుంది. ఒకటి తప్పైతే యంత్రం అన్నిటినీ అనుమానిస్తుంది. రైలు కదలాలంటే పట్టాల మీదివాళ్లు విన్నట్టు నిర్ధారణ కావాలి. కొలిమి తెరవాలంటే కావాలి. ఆసుపత్రిలో మందు మార్చాలంటే నర్సు విన్నట్టు కావాలి. అవన్నీ ఆగిపోతాయి హైమా. నగరం ఆగిపోతుంది."

"వాళ్లలో ఎంతమంది చొక్కా జేబుల్లో ఉన్నారో మనకు తెలుసా సార్?"

ఆయన జేబురుమాలు మడిచి జేబులో పెట్టుకున్నారు.

"పొరపాటని రాస్తే సుధామణి గారికి జరిగింది కూడా పొరపాటే అవుతుంది" అంది హైమ. "ఆమె బాధకి కారణమే లేదన్నట్టవుతుంది. నేను ఆమెకు అలా చెప్పలేను. ఇక రేపు ఇంకొకరు తూములో ఉంటారు. వాళ్ల తరఫున పిలవడానికి అవతలి గట్టున ఎవరూ ఉండకపోవచ్చు."

"ఉద్యోగం పోతుంది."

"పోవచ్చు సార్."

ఆమెకు ధైర్యంగా ఏమీ లేదు. ఈ కుర్చీ, ఈ కిటికీ, నెల తిరిగేసరికి వచ్చే జీతం, అన్నీ ఆమెకు కావాల్సినవే. తెర మీద రెండు మాటలు వెలుగుతున్నాయి. ఆమె రెండోదాని మీద వేలు పెట్టింది. నిర్ణయం.

కాసేపు ఏమీ కాలేదు. తర్వాత గోడ మీది పెద్ద తెరలో పైవరుస రంగు మారింది. దాని కిందిది మారింది. 'విన్నారు' అని ఉన్నచోటల్లా 'వినిపించాం' అని పడుతూ వస్తోంది. వాడ తర్వాత వాడ పచ్చ పోయి పసుపు తేలింది. దూరంగా రైలు వంతెన మీద ఒక బండి నెమ్మదించి నిలిచిపోయింది. ఎర్రగెడ్డ లాకులు సగంలో ఆగాయని జలనియంత్రణ నుంచి కబురొచ్చింది. కుర్ర ఇంజినీరు గొంతులో మర్యాద తగ్గింది. ఎగువ వాడలకు ఇంకా కొంత వ్యవధి ఉందని, త్వరగా ఏదో ఒకటి తేల్చమని అన్నాడు.

"ఎలా తేలుస్తాం?" అన్నాడు హాల్లో ఎవరో.

"అడిగితే సరి" అంది మెహర్. "ఒక్కొక్కరినీ అడుగుదాం. మొదట లాకుల కిందివాళ్లని, తర్వాత రైలు."

మెహర్ అప్పటికే కూర్చుంది. మిగతావాళ్లు కాసేపు మొహాలు చూసుకుని, ఒకరి తర్వాత ఒకరు కుర్చీలు లాక్కున్నారు. హాల్లో మనుషుల గొంతులు లేచాయి. నమస్కారమండీ, ధ్వనివాహిని నుంచి మాట్లాడుతున్నాం. తొందరగా చెప్పండి, మీరెక్కడున్నారు? గట్టు మీదున్నారా?

విక్టర్ గారు పెద్ద తెర వైపు చూస్తూ నిలబడ్డారు. తర్వాత హైమ పక్కనున్న ఖాళీ కుర్చీలో కూర్చుని, కళ్లద్దాలు పెట్టుకుని, రైలు వంతెన వరసలో మొదటి పేరుకు కాల్ చేశారు. పట్టాల మీద పనిచేసే మనిషి. పూస చెవిలో ఉన్నట్టే చూపిస్తోంది. చాలాసేపు మోగింది. ఆఖరికి ఎవరో ఎత్తారు.

"బండి వస్తోందని హెచ్చరిక పంపామండీ" అన్నారాయన. "మీకు వినబడిందా?"

"నాకా?" అంది అవతలి గొంతు. "ఏం బండి?"