ఖాళీగా వదిలిన మొహం

"ఊపిరి బిగబట్టకు. నువ్వు బిగుసుకుంటే గీత కూడా బిగుసుకుపోతుంది" అని చెప్పి ఆమె అలా బయటికి వెళ్ళింది, ఇలా అతను పేజీ పాడుచేశాడు.

తప్పు చిన్నదే. ఇంకు ఆరకముందే కింది పెన్సిల్ గీతల్ని రబ్బరుతో చెరిపాడు. రబ్బరు హీరో చెంప మీదుగా వెళ్ళి చెవి దాకా నల్లటి తోక లాగింది. మొదటి రోజు, మొదటి పేజీ, అందులోనూ హీరో కెప్టెన్ మొహం.

ఆమె తిరిగొచ్చి చూసింది. అరవలేదు. అరిచినా బాగుండుననిపించింది అతనికి.

"ఇదేంటి?"

"మరక మేడమ్."

"మరకని నాకూ తెలుస్తోంది. ఎలా వచ్చింది?"

"ఆరిందనుకున్నా."

"అనుకున్నావా! వేలు పెట్టి చూసుంటే వేలికి అంటేది. ఇప్పుడు చూడు, మొహానికి అంటింది."

కిటికీ పక్కన కూర్చుని బొమ్మల్లో మాటలు రాసే పెద్దాయన కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. ఆఫీసంతా ఆయన్ని బాబాయ్ అంటారు.

"పోనీలేమ్మా, కెప్టెన్‌కి గడ్డం వచ్చిందనుకుందాం."

"ఒక్క చెంపకేనా బాబాయ్?"

ఆ రోజు నుంచి అతని పేరు మరక అయిపోయింది. ఎడిటర్ కూడా అలాగే పిలిచేవాడు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా మిగల్లేదు.

అది నెలకో బొమ్మల కథల పుస్తకం వేసే ఆఫీసు. తుఫానులో చిక్కుకున్న ఓడల్ని కాపాడే కెప్టెన్ కథ వాళ్ళకి పేరు తెచ్చిపెట్టింది. ఆమె పెన్సిల్‌తో గీస్తుంది. పెన్సిల్ అచ్చులో పడదు కాబట్టి ఆ గీతల మీద ఇంకొకరు పాళీతో, కుంచెతో ఇంకు వేయాలి. అది ఆరాక పెన్సిల్ చెరిపేయాలి. అంతకుముందు ఇంకు వేసే మనిషి వేరే కంపెనీకి వెళ్ళిపోయాడు. ఆ ఖాళీలోకి ఇతను వచ్చాడు. కుంచె పట్టుకోవడం వచ్చా అని ఎడిటర్ అడిగితే వచ్చన్నాడు. అబద్ధం కాదు, పట్టుకోవడం వరకు వచ్చు.

తర్వాతి రోజులు అతని జీవితంలోకెల్లా దిక్కుమాలిన రోజులు.

పెన్సిల్‌లో ఉరకలు వేసే అల అతని ఇంకు పడగానే తాడులా చచ్చుబడిపోయేది. గాలికి ఎగిరే జుట్టు ఇనుప తీగలా నిలబడేది. తప్పు గీతను తెల్లరంగుతో కప్పేవాడు. ఆ తెల్లరంగు మీద ఇంకు పాకిపోయేది. దాని మీద మళ్ళీ తెల్లరంగు. కొన్ని పేజీలు సున్నం కొట్టిన గోడల్లా తయారయ్యాయి.

"నువ్వు నా గీత మీద నడుస్తున్నావు" అనేది ఆమె. "పడిపోతానేమోనని భయపడుతూ గట్టు మీద నడిచేవాడిలా. అలా కాదు. ఇక్కడ భుజం బరువుగా ఉంది, గీత లావు కావాలి. ఇక్కడ వెలుతురు పడుతోంది, గీత సన్నబడి మాయమైపోవాలి. అర్థమైందా?"

"అయింది మేడమ్."

"ఏమర్థమైంది?"

"నాకు ఈ పని రాదని."

ఆమె పెదవి చివర ఏదో కదిలింది. అది నవ్వేనని అతను నమ్మలేదు. ఆ అదృష్టం తనకి లేదని అప్పటికే తేల్చుకున్నాడు.

అయినా ఆమె నేర్పడం మానలేదు. కొత్త పాళీకి నూనె పూత ఉంటుందనీ, తుడవకపోతే ఇంకు నిలవదనీ చెప్పింది. వంపు తిరగాల్సినప్పుడు మణికట్టు తిప్పకుండా కాగితాన్నే తిప్పమంది. ఒకసారి అతని మోచేయి పట్టుకుని, "గీత ఇక్కణ్ణుంచి రావాలి, వేళ్ళ నుంచి కాదు" అంది. ఆ పూట గీత ఎక్కణ్ణుంచీ రాలేదు.

కెప్టెన్ మొహం దగ్గరే అతనికి ఎప్పుడూ చేయి తప్పేది. మిగతా బొమ్మల్ని చకచకా గీసే ఆమె, ఆ మొహం దగ్గరికి వచ్చేసరికి నెమ్మదించేది. వెడల్పాటి నుదురు, కాస్త వంకర ముక్కు, ఎదుటివాళ్ళని ఓ మెట్టు కింద నిలబెట్టి చూసే చూపు. ఎక్కడో ఉన్న మనిషిని చూసి గీసినట్టు ఉండేది.

ఒక మధ్యాహ్నం ఆమె ఎడిటర్ గదిలో ఉండగా అడిగేశాడు.

"బాబాయ్, ఈ కెప్టెన్ ఎవరు?"

"ఎవరేంటి? కెప్టెన్!"

"కాదు, ఈ మొహం ఎవరిది?"

బాబాయ్ రాస్తున్న అక్షరం పూర్తిచేసి గొంతు తగ్గించాడు. "మన దగ్గరే కథలు రాసేవాడులే. ఇద్దరూ చేసుకుంటారని ఆఫీసంతా అనుకున్నాం. ఇళ్ళల్లో మాటలు కూడా అయ్యాయి. తర్వాత ఉద్యోగం మానేశాడు. ఎక్కడికో వెళ్ళి ఇంకో అమ్మాయిని చేసుకున్నాడు. రెండేళ్ళు దాటింది."

"మరి మేడమ్ ఇంకా..."

"నన్నడక్కు బాబూ. నేను మాటలు రాసేవాణ్ణి. మొహాలు చదవడం నాకు రాదు."

మరక మళ్ళీ పాళీ తీసుకున్నాడు. ఎదురుగా ఆ వంకర ముక్కు. ఆ మనిషి ఆమెను వదిలేసి వెళ్ళాడు, ఆమె మాత్రం అతన్ని నెలనెలా ఓడ మీద నిలబెట్టి హీరోని చేస్తోంది. పెన్సిల్‌లో ఉన్నంతసేపూ చెరిగిపోయే మనిషి. తన చేయి పడ్డాకే వేలమంది ఇళ్ళకి చేరుతున్నాడు. ఇంతకంటే గొప్ప ఖర్మ ఎవరికైనా పట్టి ఉంటుందా అనుకున్నాడు.

ఇంట్లోనూ ఊరట లేదు.

"ఆ నల్లటి వేళ్ళేంట్రా? బొగ్గు గనిలో చేరావా?" అంది వదిన వడ్డిస్తూ.

"కుట్టుమిషన్ల షాపులో నా పక్కన కూర్చోరా అంటే నామోషీ వీడికి" అన్నాడు అన్నయ్య. "పోనీ ఆ పనైనా వచ్చిందా?"

"రాలేదు."

"చూశావా! పోనీ మానేస్తావా?"

"మానను."

అన్నయ్య తినడం ఆపి చూశాడు. వదిన మాత్రం గిన్నె కింద పెట్టి, చీర కొంగుతో నవ్వు తుడుచుకుని అడిగింది, "ఎవర్రా ఆ అమ్మాయి?"

అతను తలెత్తలేదు. "ఆ అమ్మాయికి వేరే ఉన్నారు వదినా" అన్నాడు. వదిన మరి నవ్వలేదు.

వానలు మొదలయ్యాయి. గదిలో తడిగాలి, ఇంకు ఆరదు. పేజీలు ప్రెస్సుకి వెళ్ళాలి. ఎడిటర్ గుమ్మంలోకి వచ్చి వాచీ చూసుకుని పోతున్నాడు. చివరికి ఆమే అతనూ చెరో అట్టముక్క పట్టుకుని, బల్ల మీద పరిచిన పేజీలకి విసరడం మొదలుపెట్టారు.

"గట్టిగా విసురు. కెప్టెన్‌కి చెమట పడుతోంది" అందామె.

"తుఫానుకి లొంగనివాడు నా అట్టముక్కకి లొంగుతాడా మేడమ్?"

ఆమె నవ్వింది. ఈసారి అనుమానానికి తావు లేదు, పళ్ళు కనిపించాయి. కిటికీలోంచి జల్లు లోపలికి కొట్టి ఆమె ముంగురులు నుదుటికి అంటుకున్నాయి. ఆ తడి వెంట్రుకలకి ఎంత సన్నటి పాళీ వాడాలా అని అతను లెక్కలు వేసుకున్నాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది.

"మేడమ్, కెప్టెన్ మొహం ఎప్పుడైనా మారిస్తే?"

ఆమె చేతిలో అట్టముక్క ఆగిపోయింది.

"ఎందుకు మార్చాలి?"

"ఏం లేదు, ఊరికే. కొత్తగా ఉంటుందని..."

"నీ పని గీత మీద ఇంకు వేయడం. అది ఎవరి మొహమన్నది నా పని. బాబాయ్ ఏం చెప్పాడో నాకు తెలీదు. ఇంకెప్పుడూ ఈ మాట ఎత్తకు."

ఆమె అట్టముక్క బల్ల మీద పడేసి వెళ్ళిపోయింది. బయట వాన, లోపల ఆరని మొహాలు. అతను ఒక్కడే విసురుతూ నిలబడ్డాడు.

ఆ తర్వాత ఆమె పాఠాలు చెప్పడం మానేసింది. పేజీలు బల్ల మీద పెట్టి వెళ్ళేది. చూసి తీసుకునేది. బాగుందనీ లేదు, బాగాలేదనీ లేదు. విచిత్రమేమిటంటే అప్పుడే అతనికి చేయి కుదిరింది. మిగతావన్నీ ఒక మాదిరిగానే ఉన్నా, ఆ మొహం మాత్రం కుదిరింది. పొద్దస్తమానం కడుపుమంటతో దాన్నే చూస్తుంటే కుదరక ఏమవుతుంది? కనుబొమ్మ కింద నలుపు ఎంత నింపితే ఆ చూపు వస్తుందో, పెదవి చివర గీత ఎక్కడ తెంపితే ఆ గర్వం వస్తుందో, కళ్ళు మూసుకున్నా చెప్పగలిగేవాడు. తనకి వచ్చిన విద్య అదొక్కటే. పగవాడి మొహం వేయడం.

ఒకరోజు ఎడిటర్ అందర్నీ తన గదిలోకి పిలిచాడు. కూర్చోమనలేదు.

"చదివేవాళ్ళు తగ్గిపోయారు. ఇక నడపలేం. వచ్చేదే ఆఖరి సంచిక. కెప్టెన్ కథ ముగించేయండి" అన్నాడు. బాబాయ్ కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచాడు. మరక ఆమె వైపు చూశాడు, ఆమె గోడ వైపు చూస్తోంది.

ఆఖరి పేజీలో ఒకే బొమ్మ. తుఫాను వెలిశాక కెప్టెన్ ఓడ అంచున నిలబడి చదివేవాళ్ళ వైపు తిరిగి చూస్తాడు. ఆమె పొద్దున్నే దాన్ని ముందేసుకుని కూర్చుంది. గీసింది, చెరిపింది, మళ్ళీ గీసింది. మధ్యాహ్నానికి పేజీ తెచ్చి బాబాయ్ చేతిలో పెట్టి, "మిగిలింది మరకని చూసుకోమను" అని వెళ్ళిపోయింది.

ఓడ ఉంది. సముద్రం ఉంది. ఎగిరే కోటు, టోపీ ఉన్నాయి. టోపీ కింద మొహం లేదు. చెరిపి చెరిపి కాగితం నూగు లేచిపోయింది.

"ఏం చేస్తావురా?" అన్నాడు బాబాయ్. "సాయంత్రం ప్రెస్సుకి వెళ్ళాలి. ఎవరిదో ఒకరిది పెట్టెయ్, ఇప్పుడు అడిగేవాళ్ళెవరు?"

నిజమే. ఎవరూ అడగరు. అచ్చయ్యాక ఏ మొహమైతేనేం? ఆ కెప్టెన్‌ని ఇప్పటికిప్పుడు ఈ లోకంలోంచి పంపేయొచ్చు. కానీ ఆ ఖాళీ చూస్తుంటే అతనికి ఒకటే తోచింది. వీడ్కోలు చెప్పే ఆ మొహం గీయడానికి ఆమెకి మనసు ఒప్పలేదు. అంత ప్రేమ. ఆ మాట అనుకోగానే కుర్చీలో కూలబడ్డాడు.

కాసేపటికి లేచి పాళీ తుడిచాడు. ఇంకులో ముంచాడు. కింద పెన్సిల్ లేదు, ఆధారం లేదు. నూగు లేచిన చోట తప్పించుకుంటూ, కాగితాన్ని తిప్పుకుంటూ, ముందు కనుబొమ్మ వేశాడు. తర్వాత ముక్కు వంకర. ఊపిరి బిగబట్టలేదు. ఒక్క మరక పడలేదు.

బాబాయ్ వచ్చి చూసి, అతని వీపు తట్టి, తన సంచీ తీసుకుని వెళ్ళిపోయాడు.

పొద్దు వాలుతుండగా ఆమె తన సామాన్లు తీసుకెళ్ళడానికి వచ్చింది. బల్ల మీద పేజీ చూసి ఆగిపోయింది.

"కింద గీసుకున్నావా?"

"లేదు మేడమ్. గుర్తుంది."

ఆమె ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది.

"నాకు గుర్తు రాలేదు" అంది.

అతనికి అర్థం కాలేదు.

"పొద్దుటి నుంచి కూర్చున్నాను. కళ్ళు గీస్తే ఎవరివోలా ఉన్నాయి. ముక్కు గీస్తే నవ్వొచ్చింది. అప్పుడు తెలిసింది, ఆ మనిషి మొహం నాలో లేదని. ఎప్పుడు పోయిందో కూడా తెలీదు. చాలా రోజులుగా పాత సంచికలు చూసి దించుతున్నాను. ఈ మధ్య దించింది కూడా నువ్వు ఇంకు వేసిన మొహాన్నే."

"మరి ఆ రోజు మారుద్దామంటే అంత కోపం..."

"భయమేసింది. ఆ బాధొక్కటే నాదని పట్టుకుని కూర్చున్నాను. అది కూడా లేదంటే ఇక నేనేంటి? పుస్తకం పోయింది, ఉద్యోగం పోయింది. ఏడుద్దామంటే ఏడవడానికి మొహం కూడా లేదు."

అతను మంచినీళ్ళ గ్లాసు జరిపాడు. ఆమె తాగలేదు.

"గాడిద మొహం పెట్టినా ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఎందుకు ఇంత బాగా వేశావు?"

"మీకిష్టమనుకున్నా. ఆఖరిసారి చూసుకుంటారు కదా, శుభ్రంగా ఉండాలని."

"నీకిష్టమా ఆ మొహం?"

"దానంత పడని మొహం నాకు లోకంలో ఇంకొకటి లేదు."

"ఎందుకని?"

ఇక దాచుకుని మాత్రం చేసేదేముంది? రేపటి నుంచి ఈ బల్ల ఉండదు, ఈ మనిషి ఎదురుగా ఉండదు.

"మీరు దాన్ని తప్ప ఇంకేదీ చూడరు కాబట్టి."

ఆమె అతని వైపు చూసింది. అతనికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నన్ను నమ్ముకోకు" అంది చివరికి. "నా దగ్గర ఇప్పుడు ఇవ్వడానికి ఏమీ లేదు. నిజంగానే లేదు."

"నేనేమీ అడగలేదు మేడమ్. చెప్పకుండా వెళ్ళిపోతే ఉండలేనని చెప్పానంతే."

ఆమె లేచింది. వెళ్ళిపోతుందనుకున్నాడు. ఆమె సంచీలో సర్దిన పెన్సిల్ మళ్ళీ బయటికి తీసింది. కొత్త కాగితం బల్లకి అతికించింది.

"వెలుతురులోకి జరుగు."

"నేనా?"

"ఇక్కడ ఇంకెవరున్నారు?"

అతను కిటికీ దగ్గరికి జరిగాడు. ఆమె గీయడం మొదలుపెట్టింది. గీసింది, చెరిపింది, తల విదిల్చింది. మళ్ళీ గీసింది.

"మనిషిని ఎదురుగా పెట్టుకుని గీసి ఎన్నాళ్ళయిందో. చేయి తిరగడం లేదు. ముక్కు దగ్గర తేడా కొడుతోంది."

"నా ముక్కుతో మా వదినకీ ఇదే గొడవ."

"నవ్వకు. మొహం మారిపోతోంది."

వెలుతురు తగ్గింది. కాగితం మీద సగం మొహమే తేలింది, అదీ అతనిదో కాదో చెప్పడం కష్టం. ఆమె దాన్ని చించలేదు. మడవకుండా అట్టల మధ్య పెట్టుకుంది.

"ఒక్క పూటలో అయ్యే పని కాదిది. ఆదివారం మా ఇంటికి రా. వెలుతురు బాగుంటుంది. అమ్మ కూడా ఉంటుంది."

అతను అడిగాడు, "నేనెవరని అడిగితే ఏం చెప్తారు?"

ఆమె సంచీ భుజానికి తగిలించుకుని, తలుపు దగ్గర ఆగి, అతని మొహం మరోసారి పరీక్షగా చూసింది, మర్చిపోకుండా ఉండడానికన్నట్టు.

"ఆదివారానికి ఇంకా టైముంది కదా" అంది. "ఆలోచించుకోనీ."